సూత్రప్రాయమైన కిటికీ

"మా వీధి చివర నిర్మాణంలో ఉన్న రెండు పడగ్గదుల ఇంటికి మూడో స్వతంత్ర పర్యవేక్షక నిపుణుడు కూడా నియమితుడయ్యాడని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం."

ఇది ఆ ఇంటి ముందు ఇటుకల గుట్టకి ఆనించిన బోర్డు. అప్పటికి ఇల్లు నడుం ఎత్తున ఉంది. నిపుణులు మాత్రం పూర్తి ఎత్తున ఉన్నారు.

ఇల్లు కట్టిస్తున్నది మా కొలతలాయన. అసలు పేరు ఆయన జీతం కాగితానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. తూనికలూ కొలతల ఆఫీసులో ఇరవయ్యారేళ్లుగా తనిఖీ అధికారి. చుట్టుపక్కల ఏ దుకాణంలో తక్కెడ తిరగేసి చూసినా అడుగున ఆయన ముద్ర ఉంటుంది. ఆ తక్కెడల్లో ఆయన కళ్లతో చూసినవెన్ని అనేది ఆఫీసు రహస్యం, మనం మాట్లాడకూడదు. ఆయన ముద్ర ఉన్న తక్కెడ దగ్గర ఆయన భార్య ఉల్లిపాయలు కొనదు. అంతకంటే నేను చెప్పను.

తనిఖీ అంటే ఏమిటో ఇంత బాగా తెలిసిన మనిషి కాబట్టి, తనలాంటి తనిఖీ అధికారి తన ఇంటి ఛాయలకి కూడా రాకూడదని పునాది తవ్విన రోజే తీర్మానించుకున్నాడు. ఎవరికీ లొంగని మనిషి కావాలి. స్వతంత్రుడు కావాలి.

ఇక్కడ మేస్త్రి సంగతి కూడా చెప్పాలి. మా వీధిలో సగం ఇళ్లు అతను కట్టినవే. కొలతలాయన పదకొండేళ్లుగా అద్దెకుంటున్న ఇల్లు కూడా అతని చేతి పనే. తాపీ పట్టి ముప్పై ఏళ్లయింది. అతను కట్టిన గోడ ఇంతవరకు ఒక్కటీ పడలేదు. అతని మీద అనుమానం రావడానికి ఇదే ముఖ్య కారణం.

"ముప్పై ఏళ్లలో ఒక్కటి కూడా పడలేదంటే ఇందులో ఏదో ఉంది," అన్నాడు కొలతలాయన.

కొలతలాయన భార్యకి ఇలాంటి అనుమానాలేవీ లేవు. ఆవిడకి కావలసింది ఒక్కటే. అద్దింటి వంటగదిలో పొయ్యి ఎదురుగా గోడ. కుడిపక్క గోడ. ఎడమపక్క గోడ. పదకొండేళ్లుగా ఆవిడ ఆ మూడు గోడల్నీ చూస్తూ వండింది. మధ్యలో ఒకసారి సముద్రం బొమ్మ ఉన్న క్యాలెండర్ తగిలించి చూసింది. రెండు నెలల్లో సముద్రం ఆవిరికి ఉబ్బి ఊడిపోయింది.

అందుకని కొత్తింటి వంటగది గోడ మోకాలెత్తుకి రాగానే ఆవిడ వచ్చి ఇటుకల మధ్య నిలబడింది.

"మేస్త్రీ, ఇదిగో, పొయ్యి ఇక్కడ. సరిగ్గా దాని ఎదురుగా ఇంత కిటికీ," అని రెండు చేతులూ చాపింది.

"ఎంత ఎత్తునుంచి అమ్మా?"

ఆవిడ మోచేయి చూపించింది. మేస్త్రి జేబులోంచి టేపు తీశాడు.

"ఆగు!" అన్నాడు కొలతలాయన, ఇటుకల గుట్ట అవతల్నించి. "టేపు లోపల పెట్టు."

"కిటికీయే కదండీ," అంది భార్య.

"కిటికీయే కదా అనే మొదలవుతాయే అన్నీ. నిపుణుణ్ణి అడగాలి. అయినా అక్కణ్ణించి నీకేం కనబడుతుందని?"

"ఏదో ఒకటి. గోడ కానిది."

ఇది సాంకేతికంగా సరైన సమాధానం కాదని కొలతలాయన ఆమెకి అక్కడే వివరించాడు. మేస్త్రి టేపు లోపల పెట్టాడు. గోడ నడుం దాటి ఇంకో రెండు వరసలు లేస్తే కిటికీ చోటు మూసుకుపోతుందని మాత్రం పైకే అన్నాడు. ఈ విషయం మినిట్స్‌లో నమోదు చెయ్యమని కొలతలాయన బావమరిదికి చెప్పాడు. బావమరిది నమోదు చేశాడు.

మొదటి నిపుణుణ్ణి తెచ్చింది ఈ బావమరిదే.

"బావా, నీకు కావలసింది ఎవరి మాటా వినని మనిషి. మొన్న ఒకాయన దగ్గరికి వెళ్లాను. నేను నమస్కారం పెట్టినా వినిపించుకోలేదు. అంత స్వతంత్రుడు!"

ఆయన ఆఫీసు మూడో అంతస్తులో. గోడ నిండా సర్టిఫికెట్లు. కొలతలాయన కుర్చీ అంచు మీద కూర్చుని, సైటుకి ఎప్పుడొస్తారని అడిగాడు. నిపుణుడు కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని ఇలా సెలవిచ్చాడు:

"సైటుకి నేను రాను. వస్తే మేస్త్రి కనబడతాడు. కనబడితే పలకరిస్తాడు. పలకరిస్తే మొహమాటం పుడుతుంది. మొహమాటం పుట్టిన చోట స్వతంత్రత బతకదు. నేను వృత్తిలోకి వచ్చి పద్దెనిమిదేళ్లు. ఇంతవరకు ఒక్క గోడ మొహం చూడలేదు."

కొలతలాయనకి కళ్లు చెమ్మగిల్లాయి. ఇరవయ్యారేళ్లుగా తానూ ఇదే పని చేస్తున్నాడు. కానీ దాని వెనక ఇంత గొప్ప సిద్ధాంతం ఉందని ఆయనకి అప్పటిదాకా తెలియదు.

ఆ రోజు నుంచి బావమరిది రోజూ సైటుకి వెళ్లి సెల్‌ఫోనుతో ఫోటోలు తీసి పంపడం, నిపుణుడు వాటిని చూసి నివేదిక రాయడం మొదలైంది. మొదటి నివేదిక ముప్పై ఎనిమిది పేజీలు. "సదరు స్థలంలో ఇల్లు వంటిది ఒకటి మొదలైనట్లు నమ్మడానికి ప్రాథమిక ఆధారాలు కలవు" అని అందులో తేలింది. నాలుగో ఫోటోలో మేస్త్రి నవ్వుతున్నాడనీ, కారణం రాతపూర్వకంగా తెలపాలనీ ఉంది. ఏడో ఫోటోలోని పిల్లికి నిర్మాణంతో సంబంధం ఉందో లేదో స్పష్టత ఇవ్వాలనీ ఉంది. తూర్పు గోడ ఎడమవైపు ఒరిగిందని ఎర్ర అక్షరాలతో ఉంది. కిటికీ గురించి చివరి పేజీలో ఒక్క పేరా:

"కిటికీ అనగా గోడ లేకపోవడమే. గోడల నాణ్యత కాపాడుటకు నియమితుడైన నిపుణుడు గోడ లేకపోవడాన్ని సిఫారసు చేయుట వృత్తిధర్మానికి విరుద్ధం."

మేస్త్రి నవ్వు విషయంలో "నవ్వు కాదండి ఎండ" అని రాసిచ్చాడు. గోడ విషయంలో మాత్రం రాయకుండా, తాడుకి కట్టిన ఇనుప గుండు గోడ పైనుంచి వదిలాడు. తాడు గోడని అంటుకుని నిటారుగా దిగింది.

"చూడండి సార్. గోడ ఒరగలేదు. ఫోటో ఒరిగింది."

"నా ఫోటో ఒరిగిందా?" అన్నాడు బావమరిది. "మేస్త్రీ, నువ్వు నీ గోడ సంగతి చూసుకో."

కొలతలాయన తాడు వైపూ నివేదిక వైపూ మార్చి మార్చి చూశాడు. "ఆ గుండు ఎవరిది?"

"నాదే సార్."

"నీ గుండు నీ మాట వినక ఇంకెవరి మాట వింటుంది?"

మేస్త్రి గుండుకి తాడు చుట్టి సంచిలో వేసుకున్నాడు.

అయినా కొలతలాయన మనసులో ఒక మూల చిన్న గుబులు మిగిలింది. సైటుకి వెళ్లని నిపుణుడు ఉన్నాడు, బాగానే ఉంది. వెళ్లేవాడు కూడా ఒకడుంటే ఇంకా బాగుంటుంది. అలా రెండో నిపుణుడిగా మాస్టారు వచ్చాడు. ముప్పై ఆరేళ్లు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇళ్ల గురించి ఆయనకి బొత్తిగా ఏమీ తెలియదు. ఏమీ తెలియనివాడికి పక్షపాతం ఉండే అవకాశమే లేదని బావమరిది చెప్పగా, కొలతలాయన వెంటనే ఒప్పుకున్నాడు.

మాస్టారు మొదటి రోజే గంట తెచ్చాడు. తొమ్మిదింటికి గంట కొట్టి కూలీలకి హాజరు వేశాడు. తర్వాత ఇటుకలకి కూడా వేశాడు. పదకొండు ఇటుకలు గైర్హాజరు. సాయంత్రం గోడలకి మార్కులు వేసి, వాటి మీదే సుద్దముక్కతో రాశాడు. ఉత్తరపు గోడకి నూటికి యాభై ఎనిమిది, "శ్రద్ధ చాలదు". పడగ్గది గోడకి డెబ్బై రెండు, "పక్క గోడని చూసి కట్టినట్టుంది". పునాదికి సున్నా, ఎందుకంటే ఎంత పిలిచినా పైకి రాలేదు.

నెల తిరిగేసరికి మేస్త్రికి ప్రోగ్రెస్ కార్డు ఇచ్చి ఇంట్లో పెద్దవాళ్లతో సంతకం పెట్టించుకు రమ్మన్నాడు. మేస్త్రికి యాభై ఎనిమిదేళ్లు. మర్నాడు వాళ్లమ్మ కర్ర పట్టుకుని స్వయంగా వచ్చింది. కార్డు తిరగేసి, బోర్లేసి చూసి, "చిన్నప్పట్నించీ వీడింతే బాబూ, మీరు నాలుగు తగిలించండి," అని వేలిముద్ర వేసి వెళ్లింది. మాస్టారు ఆమె సహకారాన్ని ప్రశంసిస్తూ ఒక ఉత్తరం రాశాడు.

కిటికీ గురించి కొలతలాయన భార్య మాస్టారునీ అడిగింది.

"కిటికీ చాలా మంచిదమ్మా," అన్నాడాయన. "గాలి వస్తుంది, వెలుతురు వస్తుంది. తప్పకుండా ఉండాలి. కానీ ఇది ప్లానులో లేదు. ప్లానులో లేనిది పాఠంలో లేనట్టే. పాఠంలో లేనిదానికి నేను మార్కులు వెయ్యలేను."

"మార్కులు వద్దండీ. కిటికీ చాలు."

"మార్కులు లేని కిటికీ ఏం చేసుకుంటావమ్మా?" అన్నాడు మాస్టారు జాలిగా.

తూర్పు గోడ కుడివైపు ఒరిగిందని కూడా ఆయన ఆ రోజే కనిపెట్టాడు.

గోడ ఒకటే. మొదటి నిపుణుడి ప్రకారం ఎడమకి ఒరిగింది. రెండో నిపుణుడి ప్రకారం కుడికి. రెండూ కలిపి చూస్తే గోడ నిటారుగా ఉన్నట్టే కదా అని మేస్త్రి అన్నాడు. ఆ మాటకి ఇద్దరు నిపుణులూ, జీవితంలో మొట్టమొదటిసారి ఏకమై, అతనికి ఉమ్మడి నోటీసు ఇచ్చారు.

మూడో నిపుణుడు వచ్చింది ఈ సందర్భంలోనే. ఆయన వృత్తి భార్యాభర్తల మధ్య రాజీలు కుదర్చడం. ఆయన రాజీ చేసిన జంటలు ఇవాళ్టికీ ఒకే ఇంట్లో వేరువేరు గదుల్లో ప్రశాంతంగా ఉంటున్నాయి. ఆయన వచ్చి ముందు గోడ ఎడమ పక్కన గంటసేపు కూర్చున్నాడు. తర్వాత కుడి పక్కన గంటసేపు కూర్చున్నాడు. రెండు పక్కల వాదనలూ విన్నానని చెప్పి లేచాడు. బోర్డు పెట్టింది ఆ మధ్యాహ్నమే.

ఈలోగా వీధిలో మార్పులు వచ్చాయి. ఎదురింటివాళ్ల ఇల్లు కట్టి పన్నెండేళ్లయింది. వాళ్లు కూడా ఇద్దరు నిపుణుల్ని పెట్టుకున్నారు. ఆ ఇద్దరూ వరండాలో కుర్చీలు వేసుకుని ఇల్లు అక్కడే ఉందా లేదా అని చూస్తూ ఉంటారు. మూలమీద ఇంటాయన ఇంకా స్థలమే కొనలేదు, నిపుణుణ్ణి మాత్రం మాట్లాడి ఉంచాడు. పెళ్లిళ్లలో ఇదివరకు పిల్లలేం చదువుతున్నారని అడిగేవాళ్లు. ఇప్పుడు "మీకెంతమంది?" అని అడుగుతున్నారు. "ఇద్దరే," అని చెప్పేటప్పుడు ఎదురింటావిడ గొంతు తగ్గుతుంది. "మా బావకి ముగ్గురు," అని బావమరిది ఎవరూ అడక్కుండానే చెబుతాడు.

చివరికి కిటికీ సమస్య మూడో నిపుణుడి ముందుకి వెళ్లింది. గోడ నడుం దగ్గర ఆగి పన్నెండు రోజులైంది. కొలతలాయన అద్దింటి హాల్లో సమావేశం పెట్టారు. భార్య టీ ఇచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. మొదటి నిపుణుడు, మేస్త్రి వీధిలోనే ఉంటాడు కాబట్టి, గుమ్మం దాకా కళ్లు మూసుకుని నడిచి వచ్చాడు. మాస్టారు అందరికీ హాజరు వేశాడు. రాజీ నిపుణుడు గొంతు సవరించుకున్నాడు.

"ఒక పక్షం కిటికీ వద్దంటోంది. ఒక పక్షం కావాలంటోంది కానీ ఇవ్వలేనంటోంది. ఇద్దరూ గౌరవనీయులే. ఎవరూ ఓడిపోకూడదు. కాబట్టి వంటగదికి కిటికీని సూత్రప్రాయంగా మంజూరు చేస్తున్నాం. గోడ యథావిధిగా కట్టాలి. కిటికీ ఉండాల్సిన చోట సుద్దముక్కతో గీత గియ్యాలి. అందరి దృష్టిలోనూ అక్కడ కిటికీ ఉన్నట్టే."

చప్పట్లు మోగాయి. కొలతలాయన భార్య వైపు తిరిగి, "చూశావా, నీ మాట నెగ్గింది," అన్నాడు.

ఆవిడ ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లి, గోడ ఎదురుగా నిలబడి కడిగింది.

మర్నాటి నుంచి గోడ లేచింది. మేస్త్రి సుద్దతో అడుగున గీత గీసి, వరస పూర్తయిన కొద్దీ పక్క గీతల్ని పైకి పొడిగిస్తూ, దాని లోపల కూడా ఇటుక మీద ఇటుక పేర్చుకుంటూ పోయాడు. ఆవిడ ఒకరోజు వచ్చి కాసేపు చూసింది.

"మేస్త్రీ, నువ్వు కూడానా?"

"నాదేముందమ్మా. చెప్పింది కడతాను," అన్నాడతను తల ఎత్తకుండా.

గోడ పూర్తయ్యాక ముగ్గురు నిపుణులూ దాన్ని ప్రత్యేకంగా పరిశీలించారు. సుద్దగీత లోపలి భాగానికి మాస్టారు తొంభై ఒకటి వేశాడు. ఆ ఇంటి మొత్తం మీద అదే అత్యధికం. "సిమెంటు ఎక్కడా బయటికి కారకుండా పొందికగా ఉంది, మిగతా గోడలు దీన్ని చూసి నేర్చుకోవాలి" అని రాశాడు. మొదటి నిపుణుడు ఫోటో చూసి, "ఈ భాగము ప్రత్యేకించి దృఢముగా కనబడుచున్నది" అని ధ్రువీకరించాడు. రాజీ నిపుణుడు గోడని తట్టి, కిటికీ బాగుందన్నాడు.

స్లాబు పడింది. గోడలకి సిమెంటు పూత పుయ్యడానికి ముహూర్తం కోసం కాకుండా, ముగ్గురి సంతకాల కోసం ఆగారు. పూత పడితే సుద్దగీత కూడా ఉండదు. సంతకాల సమావేశం పెట్టిన రోజు ముగ్గురూ, కొలతలాయనా, బావమరిదీ హాల్లో ఉండగా, కొలతలాయన భార్య అందరికీ టీ ఇచ్చి, మిగిలిన టీ ఫ్లాస్కులో పోసుకుని సైటుకి వెళ్లింది.

మేస్త్రి ఒక్కడే వంటగదిలో ఉన్నాడు. ఆవిడ గ్లాసులో టీ పోసి ఇచ్చింది.

"ఆ గీత లోపల ఇటుకలు తీసెయ్యాలంటే ఎంతసేపు పడుతుంది మేస్త్రీ? నిజం చెప్పు. గోడంతా కూలుతుందా?"

"సార్‌కి తెలుసా అమ్మా?"

"సార్ సంతకాలు పెట్టించుకుంటున్నారు. రేపు పూత పూస్తావు. ఇంక నా జన్మకి అంతే. అడుగుతున్నాను, చెప్పు."

మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టి, గోడ దగ్గరికి వెళ్లి, గీత పైమూలలో ఒక ఇటుకని రెండు వేళ్లతో పట్టుకుని లాగాడు. అది అలమారలోంచి పుస్తకం వచ్చినట్టు వచ్చింది.

ఆవిడ నోరు తెరిచి చూసింది.

"గీత లోపలంతా బంకమట్టే అమ్మా. సిమెంటు పెట్టలేదు. పైన బరువు మోయడానికి కాంక్రీటు పట్టీ కూడా అప్పుడే వేసేశాను."

"ముగ్గురూ చూశారు కదయ్యా! వేలు పెట్టి గీకితే రాలిపోయేది!"

"చూశారమ్మా. తొంభై ఒకటి కూడా వేశారు." ఇంకో ఇటుక లాగాడు. "మీ అద్దిల్లు కట్టినప్పుడూ ఆ వంటింటికి కిటికీ పెడదామన్నాను. ఆ ఇంటాయన ఎవర్నో అడిగొస్తానని వెళ్లాడు. పదిహేనేళ్లయింది, ఇంకా రాలేదు. అందుకని ఈసారి అడగలేదు."

"మరి ఆ రోజు నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా? ఎంత తిట్టుకున్నానో నిన్ను!"

"చెబితే మీ మొహం వెలిగిపోయేదమ్మా. మీ మొహం చూసి సార్ కనిపెట్టేసేవారు. సార్‌కి అదొక్కటీ కనిపెట్టడం వచ్చు."

ఆవిడ నవ్వుతూ, చీర చెంగు బొడ్లో దోపి, తనూ ఇటుకలు అందుకుంది. టీ చల్లారేలోపు గోడకి చతురస్రంగా వెలుతురు పడింది. అవతల ఒక ఖాళీ జాగా, బట్టలారేసిన తీగ, దాని కింద సైకిలు చెయిను ఎక్కించుకుంటూ తిట్టుకుంటున్న ఒక మనిషి. ఆవిడ చాలాసేపు ఆ మనిషినే చూసింది.

సాయంత్రం నిపుణుల బృందం వచ్చింది. ఆ రోజు ప్రత్యేక సందర్భం కాబట్టి మొదటి నిపుణుడు కూడా, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, వచ్చాడు. అందరూ కిటికీ ముందు వరసగా నిలబడ్డారు. కొలతలాయన మొహం ఎర్రబడింది.

"మేస్త్రీ! ఏమిటిది?"

"కిటికీ సార్."

"అది నాకూ కనబడుతోంది! ఎలా వచ్చింది?"

"లోపల మట్టి పెట్టాను సార్, సిమెంటు బదులు. తీస్తే వచ్చేసింది."

ఇప్పుడు మీరు ఆ ముగ్గురి పరిస్థితి అర్థం చేసుకోవాలి. గోడలో మట్టి ఉందని ఒప్పుకుంటే, అది కనిపెట్టనందుకు ముగ్గురూ తలొంచుకోవాలి. తొంభై ఒకటి ఎలా వేశారన్న ప్రశ్న వస్తుంది. దృఢత్వం ఎక్కడ చూశారన్న ప్రశ్న వస్తుంది. కానీ నిపుణులు ఊరికే నిపుణులు కారు. రాజీ నిపుణుడు ఒక అడుగు ముందుకి వేసి, కిటికీలోంచి తల బయటికి పెట్టి, మళ్లీ లోపలికి తీసుకున్నాడు.

"సూత్రం అమలైంది," అన్నాడు గంభీరంగా.

"ఫోటోల్లో నాకు మొదటినుంచీ కనబడుతూనే ఉంది," అన్నాడు మొదటి నిపుణుడు.

మాస్టారు తొంభై ఒకటిని కొట్టేసి తొంభై తొమ్మిది చేశాడు. మిగిలిన ఒక్క మార్కూ క్రమశిక్షణ కోసం ఆపాడు.

తుది నివేదిక నూట పన్నెండు పేజీలు. "నిరంతర స్వతంత్ర పర్యవేక్షణ ఫలితంగా, సదరు గోడలో దాగి ఉన్న కిటికీ సకాలంలో బయటపడినది" అని అందులో ఉంది. కొలతలాయన ఆ వాక్యాన్ని భార్యకి రెండుసార్లు చదివి వినిపించాడు.

"చూశావుటే? వీళ్లే లేకపోతే ఇది ఎవరు కనిపెట్టేవారు? మేస్త్రి నోరు విప్పేవాడా?"

ఆవిడ పొయ్యి ముందు నిలబడి కూర కలుపుతూ, "నిజమేనండీ," అంది, బయటికి చూస్తూ.

ఆ ఇంట్లోకి వాళ్లు వచ్చి ఏడాదైంది. కొలతలాయన ఉద్యోగానికి స్వచ్ఛందంగా సెలవు చెప్పి స్వతంత్ర పర్యవేక్షక నిపుణుడయ్యాడు. చేతి నిండా పని. మా ఇంటి వెనక నేను కట్టిస్తున్న స్నానాల గదికి ఆయన్నే పెట్టుకున్నాను. ఇంత కథ తెలిసీ ఎందుకు పెట్టుకున్నావని అడుగుతారేమో. పక్కింటివాళ్లు వాళ్ల కోళ్ల గూటికి ఇద్దర్ని పెట్టుకున్నారు. నా స్నానాల గదికి ఒక్కడైనా లేకపోతే వీధిలో తలెత్తుకు తిరగలేను.

మేస్త్రి అతనే. పొద్దున వచ్చి, "సార్, ఆ వెనక గోడకి అమ్మగారు ఏదో అల్మారా అడుగుతున్నారు," అన్నాడు. నిపుణుణ్ణి అడగాలన్నాను. అలాగేనన్నాడు. ఇందాక చూస్తే పెరట్లో మా ఆవిడ బకెట్లో మట్టి కలుపుతోంది. కుండీల్లోకి అంది. మా ఇంట్లో కుండీలు లేవు.

నవ్వుతున్నారా? మీ ఇంటి గోడలు కూడా ఓసారి తట్టి చూసుకోండి. మీ ఆవిడని మాత్రం అడక్కండి. ఆవిడ నిపుణుల్నే అడగమంటుంది.